ఐ10 పెట్రోల్ 2013: చెక్ ఇంజిన్ లైట్ ఆర్పిన ప్రతిసారీ మళ్లీ వెలుగుతోంది, కోడ్‌లు పీ0171, పీ0420

కప్పా_పన్నెండొందలు

అందరికీ నమస్కారం. బండి ఐ10 1.2 కప్పా, జూన్ 2013 తయారీ, 94,000 కి.మీ. తిరిగింది, మాన్యువల్ గేరు. ఊరు హైదరాబాద్. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి నాలుగు నెలలైంది. షెడ్డులో స్కానర్ పెట్టి ఆర్పుతారు, 150 నుంచి 200 కి.మీ. తిరిగేసరికి మళ్లీ వెలుగుతుంది.

ఇప్పటిదాకా మార్చినవి: ఎగ్జాస్ట్ గొట్టంలో ముందుండే ఆక్సిజన్ సెన్సర్ కొత్తది, నాలుగు స్పార్క్ ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు. లైట్ మాత్రం పోలేదు. పీ0420 చూసి ఇప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే పార్టు) మార్చాలంటున్నారు. ఆ ఖర్చు పెట్టేముందు ఒకసారి ఇక్కడ అడుగుదామని.

పికప్‌లో పెద్ద తేడా లేదు. సిటీ మైలేజీ 15 నుంచి 12కి పడింది. ఐడిల్ నున్నగానే ఉంది. లైట్ నిలకడగా వెలుగుతుంది, మిణుకుమిణుకుమనదు.

టప్పెట్_కవర్

పీ0171 అంటే మిశ్రమం పల్చబడింది, అంటే లీన్ అని. పదింట ఎనిమిది సార్లు వాక్యూమ్ లీకే, అంటే ఇంటేక్‌లోకి బయటి గాలి చొరబడటమే. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌కి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంటేక్ మానిఫోల్డ్ ప్యాకింగ్ చూడండి. పన్నెండేళ్ల రబ్బరు బిస్కెట్టులా విరుగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా గొట్టాల అతుకుల మీద కొట్టండి. ఆర్‌పీఎం మారిన చోట లీకు ఉన్నట్టు. వేడి సైలెన్సర్ వైపు మాత్రం కొట్టొద్దు, అంటుకుంటుంది.

డల్లాస్_డ్రైవ్

ముందు పెట్రోల్ మూత గట్టిగా బిగించి చూడండి. ఇక్కడ చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఎవరైనా మొదట చెప్పే మాట అదే. ఖర్చు లేని పని.

లాంబ్డా_ఒకటి

డల్లాస్ గారూ, అది మీ దగ్గర నిజం. అమెరికా బండ్లలో ట్యాంకు ఆవిరి లీకును ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్వయంగా పరీక్షిస్తుంది. అందుకే మూత వదులైతే లైట్ వెలుగుతుంది. మన బీఎస్4 ఓబీడీ (బండి తన లోపాలు తానే పసిగట్టే ఏర్పాటు) యూరప్ పద్ధతిలో వచ్చింది, అందులో ఆ లీకు పరీక్ష లేదు. పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) కరెంటు తీగ తెగిందా లేదా అన్నంతవరకే చూస్తుంది. మూత ఎంత బిగించినా పీ0171కి ఒరిగేదేమీ లేదు. నెట్‌లో దొరికే సలహాల్లో సగం ఇలా మన బండికి అతకనివే.

కప్పా గారూ, ఇంకే పార్టూ కొనకండి. కోడ్ చెప్పేది లక్షణాన్ని, చెడిన పార్టును కాదు. ‘లీన్’ అంటే ముందు సెన్సర్ దగ్గర ఆక్సిజన్ ఎక్కువ కనపడుతోందని మాత్రమే. ఆ ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో మనం వెతకాలి. అందుకు ఈ రీడింగ్‌లు కావాలి:

1. ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ వేడి, లోడ్, ఫ్యూయల్ ట్రిమ్‌లు (పెట్రోల్‌లో ఈసీయూ చేసే శాతం సవరణలు) ఎంతున్నాయో ఈసీయూ ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. షెడ్డు వాళ్లు కోడ్ ఆర్పినప్పుడల్లా అదీ చెరిగిపోతుంది. అందుకని చూడకుండా ఆర్పనివ్వకండి.
2. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసేది), లాంగ్ టర్మ్ (నేర్చుకుని దాచుకున్నది) ట్రిమ్‌లు.
3. అవే రెండూ 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి.
4. రాత్రంతా నిలబడ్డ బండికి పొద్దున్నే కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (ఇంటేక్ మానిఫోల్డ్ ప్రెజర్ కొలిచేది) చూపే ప్రెజర్, కూలెంట్ వేడి, ఇంటేక్ గాలి వేడి.
5. ఐడిల్‌లో ముందు, వెనక ఆక్సిజన్ సెన్సర్ల వోల్టేజీ.

ఈఎల్‌ఎం327 బ్లూటూత్ అడాప్టర్ (ఫోన్ యాప్‌కి రీడింగ్‌లు పంపేది) చాలు. పోర్ట్ స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డ్ అడుగున ఉంటుంది. బాగా చవక నకిలీల్లో ‘వెర్షన్ 2.1’ అని రాసున్నవి కొన్ని పాత కే-లైన్ పద్ధతిలో (ఒకే తీగ మీద) డేటా పంపే బండ్లతో మాట్లాడవు. కనెక్ట్ కాకపోతే బండిని అనుమానించే ముందు అడాప్టర్ మార్చి చూడండి.

సెకండ్_గేర్_సీను

ఇంత దూరం ఎందుకు? బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెడితే లైట్ పోతుంది కదా!

లాంబ్డా_ఒకటి

పోతుంది, మళ్లీ వస్తుంది. కప్పా గారి గొడవే అది. పైగా దాంతోపాటు నేర్చుకున్న ట్రిమ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్, మానిటర్ల (ఈసీయూ సొంత పరీక్షల) స్థితి అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. లీన్ లాంటి కోడ్‌కి లైట్ వెలగాలంటే సాధారణంగా వరుసగా రెండు డ్రైవ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి నడిపి ఆపడం ఒక సైకిల్) తప్పు కనపడాలి. మొదటిసారి పెండింగ్‌గా రాసుకుంటుంది, రెండోసారి వెలిగిస్తుంది. 150 కి.మీ. తర్వాత వస్తోందంటే, అంతవరకూ బాగుందని కాదు, లాంగ్ టర్మ్ ట్రిమ్ మెల్లగా పాకి హద్దు దాటడానికి అంత సమయం పట్టిందని.

కప్పా_పన్నెండొందలు

రీడింగ్‌లు తీశాను.

ఫ్రీజ్ ఫ్రేమ్, పీ0171: ఆర్‌పీఎం 740, వేగం 0, కూలెంట్ 89 డిగ్రీలు, షార్ట్ +9.4, లాంగ్ +17.2.
ఐడిల్, ఏసీ లేకుండా: షార్ట్ +7 నుంచి +10, లాంగ్ +17. మ్యాప్ 32 కిలోపాస్కల్.
2,500 ఆర్‌పీఎం: షార్ట్ +1 నుంచి +3, లాంగ్ +6.
పొద్దున కీ ఆన్: మ్యాప్ 95 కిలోపాస్కల్, కూలెంట్ 26, గాలి 27.
ఐడిల్‌లో ముందు సెన్సర్ ఎక్కువసేపు 0.1, 0.2 దగ్గరే ఉంటోంది, అప్పుడప్పుడు 0.6కి ఎగురుతోంది. వెనకది 0.1 నుంచి 0.7 మధ్య ఊగుతోంది.
పీ0420 ఇప్పుడు పెండింగ్‌లో ఉంది, పీ0171 ఖాయం అయింది.

టప్పెట్_కవర్

చూశారా! ఐడిల్‌లో మొత్తం +26, 2,500 దగ్గర +8. పుస్తకంలో రాసినట్టు వాక్యూమ్ లీకు. ఐడిల్‌లో ఇంజిన్ తాగే గాలి తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్ద శాతంగా కనపడుతుంది. ఆర్‌పీఎం పెరిగితే అదే లీకు లెక్కలోకి రాదు.

లాంబ్డా_ఒకటి

మాఫ్ సెన్సర్ బండి అయితే మీ మాటకు తిరుగులేదు. కానీ ఇది మ్యాప్ సెన్సర్ బండి. అక్కడే లెక్క తిరగబడుతుంది, కాస్త వివరంగా రాస్తాను.

మాఫ్ బండిలో గాలిని మీటరు దగ్గర తూచి పెట్రోల్ పోస్తారు. మీటరు దాటాక దొంగదారిన వచ్చిన గాలి లెక్కలో లేదు కాబట్టి మిశ్రమం పల్చబడుతుంది. మ్యాప్ బండిలో మీటరే లేదు. మానిఫోల్డ్ లోపలి ప్రెజర్, ఆర్‌పీఎం, గాలి వేడి చూసి ఎంత గాలి ఉందో ఈసీయూ లెక్కకడుతుంది. గాలి థ్రాటిల్ గుండా వచ్చినా, చిరిగిన గొట్టం గుండా వచ్చినా మానిఫోల్డ్ ప్రెజర్ పెరుగుతుంది. ఈసీయూ దానికి సరిపడా పెట్రోల్ పోసేస్తుంది. కాబట్టి ఇలాంటి బండిలో వాక్యూమ్ లీకుకు మొదటి గుర్తు లీన్ కోడ్ కాదు. ఐడిల్ పైకి లేవడం, మ్యాప్ రీడింగ్ పెరగడం. ఇక్కడ ఐడిల్ 740, మ్యాప్ 32. రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఒకే సిలిండర్ పోర్టు దగ్గరో ఇంజెక్టర్ ఓ-రింగు దగ్గరో లీకైతే మ్యాప్ బండిలోనూ లీన్ రావచ్చు. కానీ అప్పుడు ఆ సిలిండర్ ఒక్కటే తడబడి ఐడిల్ వణుకుతుంది. ఐడిల్ నున్నగా ఉందని రాశారు.

మ్యాప్ సెన్సర్ అబద్ధం చెబుతోందా? లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు, అక్కడ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 95 దగ్గర రావాలి. సరిగ్గా అంతే వచ్చింది. ఇదే రీడింగ్ విశాఖలో వస్తే సెన్సర్ తక్కువ చూపిస్తోందని అనుమానించేవాణ్ణి, అక్కడ 101 దరిదాపుల్లో ఉండాలి. పొద్దున కూలెంట్, గాలి వేడి ఒక డిగ్రీ తేడాతో కలిశాయి, అవీ బాగున్నాయి.

ఒక్క ప్రశ్న. కొత్తగా వేసిన ప్లగ్‌లు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి? ఒకటి విప్పి కొస రంగు చెప్పండి.

ఆటోనగర్_పాన

మధ్యలో వస్తున్నాను. ఫ్యూయల్ ప్రెజర్ ఎవరూ అడగలేదేం? 94 వేలు తిరిగిన పంపు, ట్యాంకులో ఫిల్టర్ ఎప్పుడూ మార్చి ఉండరు. ఆ ఇంజిన్‌కి దాదాపు 3.5 బార్ ఉండాలి. గేజ్ పెట్టి చూడందే లీన్ గురించి మాట్లాడటం దండగ.

లాంబ్డా_ఒకటి

అన్నా, గేజ్ పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ పంపు నీరసపడితే లోడు పెరిగినకొద్దీ లీన్ పెరగాలి, ఎక్కువ పెట్రోల్ అడిగినప్పుడే అందదు కదా. ఇక్కడ ఐడిల్‌లో +26, 2,500లో +8. నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రిమ్ ఎంతుందో కూడా తెలిస్తే తేలిపోతుంది. యాప్‌లో రికార్డు పెట్టి తర్వాత చూసుకోండి, నడుపుతూ ఫోన్ చూడొద్దు.

కప్పా_పన్నెండొందలు

ప్లగ్‌లు 1,500 కి.మీ. తిరిగాయి. రెండు విప్పాను, కొసలు నల్లగా, పొడి మసి. వేలితో రాస్తే అంటుకుంటోంది.

ఎత్తు ఎక్కేటప్పుడు: మ్యాప్ 80 దాటినప్పుడు లాంగ్ +5, షార్ట్ +1, +2.

లాంబ్డా_ఒకటి

అదిగో, దొరికింది సాక్ష్యం. ఆక్సిజన్ సెన్సర్ ‘పెట్రోల్ చాలట్లేదు’ అంటోంది. సిలిండర్ లోపల కూర్చున్న ప్లగ్ ‘పెట్రోల్ ఎక్కువైంది’ అంటోంది. మంట దగ్గరున్నది ప్లగ్, దాని మాటే నమ్ముతాను. పంపు నీరసపడితే ప్లగ్ కొస తెల్లబడాలి, నల్లబడకూడదు. ఎత్తులో ట్రిమ్ తగ్గింది కాబట్టి పంపుకి క్లీన్ చిట్.

అంటే సిలిండర్‌కీ ముందు సెన్సర్‌కీ మధ్య ఎక్కడో బయటి గాలి చొరబడుతోంది. అది ఎగ్జాస్ట్ లీకు. పొగ బయటికి రావాలిగానీ గాలి లోపలికెలా పోతుందని అడుగుతారు. ఎగ్జాస్ట్ ఏకధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక దెబ్బ దాటాక మరో దెబ్బ వచ్చేలోపు గొట్టంలో ప్రెజర్ బయటి గాలికంటే కిందికి పడుతుంది. ఆ సందులో పగులు గుండా గాలి పీల్చుకుంటుంది. ఐడిల్‌లో దెబ్బల మధ్య ఎడం ఎక్కువ, పొగ తక్కువ, కాబట్టి ప్రభావం ఎక్కువ. ఆర్‌పీఎం పెరిగితే పొగ తోసుకొస్తూనే ఉంటుంది, చొరబడే గాలి లెక్కలోకి రాదు. మీ ట్రిమ్‌ల తీరు అచ్చం అదే.

సెన్సర్ ఆ గాలిని చూసి లీన్ అంటుంది. ఈసీయూ నమ్మి పావు వంతు పెట్రోల్ అదనంగా పోస్తుంది. మైలేజీ 15 నుంచి 12కి పడింది అందుకే. పాత సెన్సర్ పాపం నిజమే చెప్పింది, దాన్ని పీకేశారు.

సెకండ్_గేర్_సీను

మరి అంత పెట్రోల్ ఎక్కువ పోతుంటే పొల్యూషన్ టెస్టులో దొరకాలి కదా?

లాంబ్డా_ఒకటి

దొరక్కపోవచ్చు. బీఎస్4 పెట్రోల్ బండికి ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (కాలని ఇంధనం) 200 పీపీఎం హద్దు. ఎక్కువైన సీఓని, చొరబడిన గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి క్యాటలిటిక్ కన్వర్టరే కాల్చేస్తుంది. కాబట్టి గొట్టం చివర అంతా శుభ్రంగానే కనపడొచ్చు. కానీ ఆ అదనపు మంటంతా కన్వర్టర్ లోపలే. ఎన్నాళ్లో భరించదు.

టప్పెట్_కవర్

ఒప్పుకున్నా. మ్యాప్, మాఫ్ తేడా నేను లెక్కలోకి తీసుకోలేదు.

అయితే 2,500 దగ్గర మిగిలిన +8 సంగతి? ఎత్తులో కూడా +6, +7 ఉంది.

గోదారి_గేర్

అది ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ సార్. ఈ10కి గాలి, పెట్రోల్ నిష్పత్తి 14.1 దగ్గర, ఈ20కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి నాలుగు నాలుగున్నర శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ10 కాలం బండి మీద ఆ తేడా అంతా లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో కూర్చుంటుంది. పాత కార్లన్నిటినీ ఈ20యే పాడు చేస్తోంది, లైట్‌కి కూడా అదే కారణం.

లాంబ్డా_ఒకటి

మొదటి సగం నిజం, రెండో సగం కాదు. నాలుగైదు శాతం ట్రిమ్ వల్ల లైట్ వెలగదు. చాలా ఈసీయూలు మొత్తం 20, 25 దాటితేనే కోడ్ పెడతాయి. ఈ20 చేసేదేంటంటే, హద్దుకి మిగిలిన చోటు తగ్గిస్తుంది. మునుపు +20 దగ్గర ఆగి ఎవరికీ తెలియకుండా ఉండే చిన్న లీకు, ఇప్పుడు +25 దాటి పట్టుబడుతోంది. పాత రబ్బరు గొట్టాల మీద ఇథనాల్ ప్రభావం వేరే చర్చ, దయచేసి దానికి వేరే దారం (థ్రెడ్) తెరవండి. లేకపోతే ఇది నలభై పేజీలు పోతుంది.

ఆటోనగర్_పాన

ఎగ్జాస్ట్ లీకు పట్టే పద్ధతి నేను చెబుతా. చేతిలో ఏముందో దాన్నిబట్టి మూడు దారులు.

చెవితో: రాత్రంతా ఆగిన బండి. బానెట్ ఎత్తి ఉంచి వేరేవాళ్లతో స్టార్ట్ చేయించండి. మొదటి నిమిషం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను గొట్టంలోకి కలిపేది) దగ్గర చెవి పెడితే ‘టిక్ టిక్ టిక్’ అని ఇంజిన్ లయలో వినపడుతుంది. వేడెక్కేకొద్దీ ఇనుము సాగి సందు మూసుకుని శబ్దం తగ్గుతుంది. చాలామంది దీన్ని టప్పెట్ శబ్దమని పొరబడతారు. టప్పెట్ అయితే సాధారణంగా వేడెక్కాక కూడా ఉంటుంది.

కంటితో: హీట్ షీల్డ్ విప్పండి. బోల్టులు తుప్పు పట్టి ఉంటే బలవంతం చేయకండి, తల తెగుతుంది. హెడ్డుకీ మానిఫోల్డ్‌కీ మధ్య ప్యాకింగ్ గీత వెంబడి టార్చి వేయండి. లీకు ఉన్నచోట బూడిద రంగు లేదా నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది.

సబ్బు నీళ్లతో: ఇదే అన్నిటికంటే నమ్మకం. ఇంజిన్ పూర్తిగా చల్లగా, ఆగి ఉండాలి. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు పెట్టి, కొస సైలెన్సర్‌లో దూర్చి, సందును తడిగుడ్డతో మూయండి. స్విచ్ వేయండి. గాలి వెనకనుంచి మానిఫోల్డ్ దాకా వస్తుంది. స్ప్రే సీసాలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చెంచాలు, అర లీటరు నీళ్లు కలిపి అతుకులన్నిటి మీదా కొట్టండి. హెడ్డుకీ మానిఫోల్డ్‌కీ మధ్య ప్యాకింగ్, ముందు సెన్సర్ మర, కన్వర్టర్ వెల్డింగ్‌లు. బుడగలు వచ్చిన చోటే లీకు. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టొద్దు, అంత ప్రెజర్‌కి మంచి అతుకు కూడా ఈలవేస్తుంది.

సెన్సర్ ఈమధ్యే మార్చారు కాబట్టి దాని మొదట్లో ప్రత్యేకంగా చూడండి. ఎం18 మర, 22 పాన. వాషర్ నలగకుండా వదులుగా ఉన్నా, మర వంకరగా ఎక్కించినా అక్కణ్ణుంచే గాలి పోతుంది.

కప్పా_పన్నెండొందలు

మూడూ చేశాను. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ ఉంది, రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. సెన్సర్ దగ్గర బుడగ రాలేదు. చివరి సిలిండర్ దగ్గర, మానిఫోల్డ్ ఫ్లాంజ్ (హెడ్డుకి ఆనే పలక) కింది అంచున సబ్బు నురగ పొంగినట్టు పొంగింది. అక్కడ స్టడ్‌కి (హెడ్డులో నాటిన మర కడ్డీకి) నట్టే లేదు! దాని పక్క నట్టు చేత్తో తిరుగుతోంది. ప్యాకింగ్ అంచు ఒకచోట కాలి తినేసినట్టు ఉంది.

ఇప్పుడు ఒక నట్టు వేసి బిగిస్తే సరిపోతుందా?

ఆటోనగర్_పాన

సరిపోదు. కాలిపోయిన ప్యాకింగ్ మళ్లీ కూర్చోదు. బిగిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత ఆ నట్టు మీదే బలమంతా పడి స్టడ్ హెడ్డులో తెగుతుంది. అప్పుడు అసలు ఖర్చు.

తెప్పించుకోవలసినవి: మానిఫోల్డ్ ప్యాకింగ్ ఒకటి, రేకు పొరలది, అట్ట రకం వద్దు. నట్లు పూర్తి సెట్టు, కంపెనీవే లేదా రాగి పూతవి. మామూలు జింకు నట్లు ఆ వేడికి స్టడ్‌తో కరుచుకుపోతాయి. ఒకటి రెండు స్టడ్‌లు అదనంగా. రాణిగంజ్‌లో దొరుకుతాయి, పాత ముక్క చేతిలో పట్టుకెళ్లి పోల్చి తీసుకోండి.

పని: ముందురోజు రాత్రి ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున నట్టు కదలకపోతే లాగొద్దు. కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ, ముందుకీ వెనక్కీ ఆడించాలి. ముందు సెన్సర్ తీగ ప్లగ్ విప్పడం మరవకండి, మానిఫోల్డ్ జారితే తీగ తెగుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి.

మానిఫోల్డ్ బయటికొచ్చాక ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడండి. నట్టు లేకుండా చాలాకాలం నడిచింది కాబట్టి ఆ కొస వంగి ఉండొచ్చు. మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించండి, అంటే ముఖం చదును చేయించండి. ఇది వదిలేసి కొత్త ప్యాకింగ్ వేస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. ఎక్కువ షెడ్డుల్లో వదిలేసేది ఈ మెట్టునే.

హెడ్డు వైపు పాత ప్యాకింగ్ ముక్కలు ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. అల్యూమినియం హెడ్డు, బ్లేడుతో గీకితే గాట్లు పడతాయి. పోర్టుల్లో గుడ్డలు కుక్కి ఉంచండి, చివర్లో లెక్కపెట్టి తీయండి.

బిగింపు మధ్య నుంచి చివరలకి, రెండు విడతల్లో. ఎం8 నట్టుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టండి. చేతి అంచనా వద్దు, టార్క్ పాన అద్దెకైనా తెచ్చుకోండి.

లాంబ్డా_ఒకటి

దీనికి ఒక్కటి కలుపుతాను. ప్యాకింగ్‌కి రెండు వైపులా సిలికాన్ పేస్టు పూస్తే గట్టిగా పడుతుందని ఎవరైనా చెబితే వద్దనండి. సిలికాన్ ఆవిరి సెన్సర్ కొస మీద తెల్లటి పొరగా పేరుకుని సెన్సర్‌ని చంపేస్తుంది. రేకు ప్యాకింగ్ పొడిగానే వేయాలి.

సెకండ్_గేర్_సీను

పీ0420కి ఏం చేస్తారు మరి? ట్యాంకులో రెండు లీటర్ల థిన్నర్ పోసి హైవే మీద తోలితే కన్వర్టర్ శుభ్రపడుతుందని వీడియోల్లో చూశాను.

లాంబ్డా_ఒకటి

థిన్నర్ మాట మరిచిపోండి. పంపులో రబ్బరు, ఇంజెక్టర్ ఓ-రింగులు పోతాయి. కన్వర్టర్ చెడేది ఎక్కువగా ఆయిల్ కాలిన బూడిద వల్ల, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట తప్పడం) వేడికి లోపలి పింగాణీ కరగడం వల్ల. రెండింటికీ థిన్నర్ మందు కాదు.

పీ0420 గురించి ఇప్పుడేమీ చేయకండి. ఈసీయూ కన్వర్టర్‌ని అంచనా వేసేది ముందు, వెనక సెన్సర్లను పోల్చి. కన్వర్టర్ బాగుంటే ముందుది 0.1, 0.9 మధ్య ఊగుతుంటే వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదాని వెంట పడి ఊగితే ఆక్సిజన్‌ని దాచుకునే శక్తి తగ్గినట్టు. కానీ మిశ్రమమే అబద్ధంగా నడుస్తుంటే ఈ పోలికకి విలువ లేదు. మొదట పీ0171 నయం చేసి, 300 కి.మీ. తిరిగాక, వేడి మీద 2,500 ఆర్‌పీఎం దగ్గర వెనక సెన్సర్ గీత చూడండి. అప్పటికీ ఊగితే కన్వర్టర్ మాట మాట్లాడదాం.

సీఎన్‌జీ_మామ

వేరే బండిది ఒక ప్రశ్న. వ్యాగన్ ఆర్, బయట పెట్టించిన సీఎన్‌జీ కిట్. గ్యాస్ మీద నడిపితే పీ0171, పెట్రోల్ మీద ఏమీ లేదు. ఎగ్జాస్ట్ లీకేనా?

ఆటోనగర్_పాన

కాదు మామా. లీకైతే రెండు ఇంధనాల మీదా కనపడాలి. మీది గ్యాస్ రిడ్యూసర్ ప్రెజర్ తగ్గడమో, గ్యాస్ ఫిల్టర్ మూసుకోవడమో, కిట్ ట్యూనింగ్ తప్పడమో. ఫిల్టర్ మార్చి, ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ల దగ్గర పెట్రోల్ ట్రిమ్, గ్యాస్ ట్రిమ్ పక్కపక్కన పెట్టి సరిచేయించండి.

కప్పా_పన్నెండొందలు

పని అయింది. స్కేలు పెడితే చివరి ఫ్లాంజ్ వంగి ఉంది, లేత్‌లో ఫేసింగ్ కొట్టించాం. ప్యాకింగ్, నట్లు అన్నీ కొత్తవి. ఒక స్టడ్ మర పాడై ఉంటే అదీ మార్చాం. కోడ్‌లు చెరిపి 340 కి.మీ. తిరిగాక రీడింగ్‌లు ఇవి:

ఐడిల్: షార్ట్ 0 నుంచి +2, లాంగ్ +5.
2,500: షార్ట్ +1, లాంగ్ +5.
ముందు సెన్సర్ 0.1 నుంచి 0.85 మధ్య చకచకా ఊగుతోంది. వెనకది 0.65 దగ్గర నిలబడింది, మధ్యమధ్యలో మెల్లగా కదులుతోంది.
పెండింగ్ కోడ్‌లు లేవు. క్యాటలిస్ట్ మానిటర్ పూర్తయినట్టు చూపిస్తోంది.
పొద్దున టిక్ టిక్ లేదు.

లాంబ్డా_ఒకటి

కన్వర్టర్ బతికే ఉంది. ఐడిల్‌లోనూ పైనా ట్రిమ్ సమానంగా +5, +6 దగ్గర ఆగింది, అందులో ఎక్కువ భాగం ఇందాక గోదారి గారు చెప్పిన ఈ20 వాటా. దాన్ని అలా వదిలేయండి. ఇంజెక్టర్ క్లీనింగ్ అని ఎవరైనా అంటే ఈ అంకెలు చూపించండి.

క్యాటలిస్ట్ మానిటర్ పూర్తయి, కోడ్ రాలేదంటే ఈసీయూ కూడా పరీక్ష పెట్టి పాస్ చేసినట్టే. మసి పట్టిన ప్లగ్‌లు మార్చక్కర్లేదు, రెండు మూడు హైవే ప్రయాణాల్లో అవే కాలి శుభ్రపడతాయి.

కప్పా_పన్నెండొందలు

అందరికీ ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, షెడ్డు వాళ్లు తిరిగిచ్చిన పాత సెన్సర్ ఉంది, పారేయాలా? రెండు, 500 కి.మీ. తర్వాత నట్లు మళ్లీ బిగించాలని లేత్ ఆయన అన్నారు.

ఆటోనగర్_పాన

సెన్సర్ దాచుకోండి. మల్టీమీటర్‌తో హీటర్ తీగలు రెండింటి మధ్య కొలవండి, చల్లగా ఉన్నప్పుడు మామూలుగా 5 నుంచి 15 ఓమ్‌ల మధ్య వస్తుంది. అలా వస్తే హీటర్ బాగున్నట్టు, స్పేర్‌గా పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే ‘అన్ని బండ్లకీ సరిపోయే’ సెన్సర్ కంటే మీ పాతదే మేలు. కొసకి గ్రీజు, స్ప్రే తగలకుండా మూతపెట్టి ఉంచండి.

నట్లు మళ్లీ బిగించొద్దు. ఆ సలహా అట్ట ప్యాకింగుల కాలంది. రేకు ప్యాకింగ్ టార్క్ పాన పెట్టి బిగించాక దిగదు, వేడి తిన్న స్టడ్‌ని మళ్లీ తిప్పితే తెగే ప్రమాదమే ఎక్కువ. ఆరు నెలలకొకసారి పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి చెవి పెట్టండి. టిక్ వినపడితేనే పాన తీయండి.